ఒడ్డుకెక్కిన పడవ: ధరణికోట, గీత, మరమ్మతు
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఒక డ్రాయింగు మాస్టారి పేరు మీద పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన ధర్మనిధి తరఫున జరుగుతోంది. ఆయన బడిపిల్లలకు పెన్సిలు పట్టుకోవడం నేర్పారు. బొమ్మ గీయడానికి పిల్లల్ని కృష్ణ ఒడ్డుకు పంపేవారు. నీళ్ళ మీద సాగిపోయే పడవను కాక, మరమ్మతు కోసం ఒడ్డుకెక్కించిన పడవను గీసుకురమ్మనేవారు. తెరచాప, అస్తమించే సూర్యుడు, ఎగిరే కొంగలు లేని ఆ బొమ్మ పిల్లలకు చప్పగా ఉండేది. అయినా ఆయన పట్టు విడవలేదు. ఆ పట్టు వెనక ఉన్న ఆలోచన ఎంత లోతైనదో ఈ ధరణికోట నేల చరిత్రే మనకు చెబుతుంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ఆలోచన చుట్టూనే తిరుగుతుంది. ఒక ఊరు బతికుందనడానికి గట్టి సాక్ష్యం దాని కొత్త కట్టడాల్లో గానీ పాత శిథిలాల్లో గానీ దొరకదు, అక్కడ సాగుతున్న మరమ్మతులో దొరుకుతుంది. ఆ మరమ్మతును చూసి, గుర్తుపెట్టుకుని, పక్కవాడికి చూపించగల పనిముట్లలో అందరికీ అందుబాటులో ఉన్నది పెన్సిలు.

1. మరమ్మతులో ఉన్న పడవను ఎందుకు గీయాలి?

నీటి మీద ఉన్న పడవ మనకు సగమే కనిపిస్తుంది. బరువు మోసే భాగం, రాళ్ళకు ఒరుసుకునే భాగం, నాచు పట్టే భాగం నీళ్ళ కిందే ఉండిపోతాయి. ఒడ్డుకు లాగి పక్కకు ఒరిగించినప్పుడే దాని అడుగు బయటపడుతుంది. ఏ పలక పాతదో, ఏది నిరుడు వేసిందో రంగును బట్టి తెలిసిపోతుంది. సందుల్లో నార ఎక్కడ ఊడిందో, మేకు ఎక్కడ తుప్పుపట్టిందో, లోపలి వంపు కర్రల్లో ఏది చివికిందో తెలుస్తుంది. అంటే మరమ్మతు వేళ పడవ తన కట్టుబడినంతా విప్పి చూపిస్తుంది. గీసేవాడికి అంతకు మించిన పాఠం లేదు.

ప్రతీకల సంగతి చూద్దాం. మన కవిత్వంలో, సినిమా పాటల్లో, కేలండర్ బొమ్మల్లో పడవకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. సాగే పడవ ఆశకు గుర్తు, విరిగిన పడవ దుఃఖానికి గుర్తు. ఈ రెంటినీ చూసి మనసు వెంటనే కదులుతుంది. ఒకదాని దగ్గర సంతోషపడతాం, ఇంకోదాని దగ్గర జాలిపడతాం. ఆ రెండు చోట్లా మనం చేయాల్సిన పనేమీ లేదు. మరమ్మతులో ఉన్న పడవ ఈ రెంటి మధ్యా నిలబడుతుంది. అది దెబ్బతిన్నదన్న నిజాన్ని దాచదు. అయినా దాన్ని వదిలేయలేదన్న నిజాన్ని కూడా చెబుతుంది. ఆ పడవ పక్కన పడున్న ఉలి, సుత్తి, నార చుట్ట, తారు డబ్బా చూస్తే, మళ్ళీ అవతలి ఒడ్డుకు వెళ్ళాలని ఎవరో నిశ్చయించుకున్నారని తెలుస్తుంది. కాబట్టి నేను దాన్ని బాధ్యతకు ప్రతీక అంటాను.

ఈ చూపు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1814లో ఫ్లాట్‌ఫర్డ్ దగ్గర, తన తండ్రికి చెందిన పడవల తయారీ గోదిని చిన్న స్కెచ్చు పుస్తకంలో పెన్సిలుతో గీశాడు. ఆ బొమ్మ మీద సెప్టెంబరు 7 అని తేదీ ఉంది. ఆ గీత ఆధారంగా ఆరుబయట కూర్చుని వేసిన తైలవర్ణచిత్రాన్ని 1815లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించాడు. స్కెచ్చు పుస్తకం, వర్ణచిత్రం రెండూ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ తయారవుతున్నది కొత్త పడవే. కానీ చిత్రకారుడి శ్రద్ధ నది అందం మీద కంటే పని మీదే ఎక్కువగా నిలిచింది. చెల్లాచెదురుగా పడున్న పనిముట్లకూ, చెక్క పేళ్ళకూ, కీలు కాగే పాత్రకూ అతడు గొప్ప చిత్రంలో చోటిచ్చాడు. ఆ స్కెచ్చు గీసిన రెండేళ్ళకే, 1816లో, మన కృష్ణ ఒడ్డున ఇంకో బృందం కాగితాలు పరిచి కూర్చుంది. వాళ్ళ సంగతికి తర్వాత వస్తాను.

2. రేవు

అమరావతి చూడడానికి వచ్చేవాళ్ళు మహాస్తూపం చూసి, అమరేశ్వరుడి గుడి చూసి వెళ్ళిపోతారు. ఊరికి ఆనుకునే ఉన్న ధరణికోట దిబ్బల మీద నిలబడేవాళ్ళు తక్కువ. కానీ శాసనాల్లో వినిపించే ధాన్యకటకం అనే నగరం ఉన్నది ఇక్కడే. 1962 నుంచి 1965 వరకు భారత పురావస్తు శాఖ తరఫున ఎం. వెంకటరామయ్య, కె. రాఘవాచారి ఇక్కడ తవ్వకాలు జరిపారు. మట్టి కోటగోడతో పాటు ఒక పడవల కాలువ, దాన్ని ఆనుకుని సరుకు దించే రేవుకట్ట బయటపడ్డాయి. కృష్ణలో వచ్చిన పడవలు ఆ కాలువ గుండా నగరం అంచుదాకా రాగలిగేవి.

ఆ రేవుకట్ట కథలో నన్ను కట్టిపడేసే విషయం ఒకటుంది. అది ఒక్కసారి కట్టి వదిలేసింది కాదు. మొదట కొయ్య గుంజలతో వేసిన కట్ట, తర్వాతి దశలో ఇటుకతో వేసిన కట్ట కనిపించాయి. నీళ్ళలో ఒకసారి నానుతూ ఒకసారి ఎండుతూ ఉండే కొయ్య ఎంతకాలం నిలుస్తుందో నది ఒడ్డువాళ్ళకు చెప్పక్కర్లేదు. వరద తెచ్చే ఒండ్రు ఎప్పటికప్పుడు తీయకపోతే కాలువ ఏమవుతుందో కూడా వాళ్ళకు తెలుసు. అంటే ఇక్కడ తరతరాలుగా ఎవరో గుంజలు మార్చారు, ఇటుక పేర్చారు, పూడిక తీశారు. వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. చివరికి కాలువ పూడిపోయింది, వాడుక తప్పింది. పూడిక తీసే చేతులు ఆగాక నగరం నది నుంచి విడిపోయింది.

ఆ చేతులు పనిచేసినన్నాళ్ళూ ఈ తీరం ఎంత దూరం చూసిందో గుర్తుచేసుకుందాం. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో గ్రీకు భాషలో రాసిన ఒక సముద్రయాన గ్రంథం, ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్, మసాలియా అనే పేరుతో ఈ ప్రాంతాన్ని చెప్పి, ఇక్కడ నేసే సన్నని నూలు బట్టలను ప్రస్తావించింది. రెండో శతాబ్దపు టాలమీ మన కృష్ణను మైసోలోస్ అన్నాడు, కంటకస్సిల అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అదే నేటి ఘంటసాల. అక్కడి ప్రాకృత శాసనంలో ఒక మహానావికుడి ప్రస్తావన కూడా ఉంది. తూర్పు తీరంలో దొరికిన శాతవాహనుల సీసపు నాణేల మీద, ముఖ్యంగా యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద, రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. గోరంత స్థలంలో తాళ్ళు, చుక్కాని తెడ్లు కూడా కనిపించేలా చెక్కారు. రాజు తన నాణెం మీద ఏనుగునో సింహాన్నో వేయించుకోవడం పరిపాటి. ఓడ వేయించాడంటే, ఆ ఓడను నీటి మీద నిలిపే పనివాళ్ళ మీద రాజ్యం ఆధారపడి ఉందని ఒప్పుకున్నట్టే.

ఆ పనివాళ్ళ నేర్పు ఎలాంటిదో ఊహించడానికి మసులా పడవ మనకు ఉపకరిస్తుంది. కోరమాండల్ తీరంలో నిన్నమొన్నటి దాకా తిరిగిన ఆ పడవకు ఇనుప మేకులు ఉండేవి కావు. పలకలకు వరసగా చిల్లులు వేసి, కొబ్బరి నార తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. బిగుసుకుని ఉండే పడవ తీరపు అల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ అలతో పాటు కొద్దిగా వంగి మళ్ళీ నిటారు అవుతుంది. కానీ దానికి ఒక షరతు ఉంది. తాడు చివుకుతుంది కనుక కుట్లు విప్పాలి, పలకలు వేరుచేయాలి, పాడైన పలక తీసేయాలి, కొత్త తాడుతో మళ్ళీ కుట్టాలి. ఆ పడవ పుట్టుకలోనే మరమ్మతు ఉంది. మళ్ళీ విప్పాల్సి వస్తుందని తెలిసే దాన్ని కట్టారు.

3. స్తూపం

నది నుంచి నాలుగడుగులు లోపలికి వస్తే మహాచైత్యం, అదే మహాస్తూపం. దీన్ని మనం తరచుగా ఒక రాజు కట్టించిన ఒక కట్టడంలా మాట్లాడతాం. నిజానికి అది శతాబ్దాల పాటు సాగిన పని. మౌర్యుల కాలం నాటి శాసనపు ముక్క ఇక్కడ దొరికింది. శాతవాహనుల కాలంలో చుట్టూ శిల్పాలు చెక్కిన ప్రాకారం లేచింది. రాళ్ళు పల్నాటి సున్నపురాళ్ళు. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, చర్మకారులు తమ తమ పేర్లు చెక్కించి పలకలు, స్తంభాలు దానమిచ్చారు. ఒక తరం పెట్టిన పలకను తర్వాతి తరం తీసి కొత్త అవసరానికి సరిచేసుకుంది.

దీనికి కళ్ళముందున్న సాక్ష్యం బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ఫలకం. దానికి రెండు వైపులా శిల్పం ఉంది. ఒక వైపు చెట్టు కింద ఖాళీ ఆసనాన్ని పూజించే తొలినాటి శిల్పం, బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని రోజులది. కొన్ని శతాబ్దాల తర్వాత ఎవరో ఆ రాయిని తిప్పి, వెనకవైపు నిండా స్తూపాన్నే చెక్కారు. గోళం, ప్రాకారం, ద్వారాల దగ్గర సింహాలు, స్తంభాల వరసలు, పూజించే జనం అందులో ఉన్నారు. మహాచైత్యం ఎలా ఉండేదని మనం ఇవాళ చెప్పగలుగుతున్నామంటే అది చాలావరకు ఆ మారురాతి పుణ్యమే. పాత రాయిని పారేయకుండా తిప్పి వాడుకున్న ఆ శిల్పి, తెలియకుండానే స్తూపం రూపాన్ని మనకు మిగిల్చాడు.

ఆ పని శాతవాహనులతో ఆగలేదు. 1182లో ధరణికోట కోట వంశపు రాజు రెండో కేతరాజు అమరేశ్వరుడి గుడిలో శాసనం వేయించాడు. శివభక్తుడైన ఆ రాజు అక్కడి ఎత్తయిన బుద్ధ చైత్యాన్ని స్మరించి, బుద్ధుడికి ఊళ్ళు, దీపాలు దానమిచ్చాడు. అదే కోట వంశంలో బేతరాజును వివాహమాడిన గణపాంబ, కాకతీయ గణపతిదేవుడి కుమార్తె, భర్త మరణించాక ఆయన పేరు మీద ఇక్కడ బేతేశ్వరాలయం కట్టించింది, అమరేశ్వరుడి గుడికి బంగారు కలశాలు ఎత్తించింది. యనమదల శాసనం ఈ సంగతి చెబుతుంది. ఈ నేల మీద జరిగే స్మారక సభలో ఆమెను తలచుకోవడం మన విధి. తన మనిషి పేరు నిలపడానికి ఆమె కొత్త గుడి కట్టింది, అంతటితో ఆగక అప్పటికే ఉన్న గుడినీ బాగుచేసింది.

ఇంకో సాక్ష్యం సముద్రం అవతలిది. శ్రీలంకలో కాండీ దగ్గరి గడలాదెణియ కొండరాతి మీద 1344 నాటి శాసనం ఉంది. ధర్మకీర్తి అనే స్థవిరుడు శ్రీధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని జీర్ణోద్ధరణ చేయించాడని అందులో ఉంది. మన దేశంలో బౌద్ధం దాదాపు కనుమరుగైన కాలమది. పాత గోడల కోసం ఒక భిక్షువు సముద్రం దాటి వచ్చాడు. అవతలి ఒడ్డుకు చేరాక తెప్పను నెత్తిన మోయక్కర్లేదని బుద్ధుడు భిక్షువులకు చెప్పిన దృష్టాంతం అందరికీ తెలిసిందే. ధర్మకీర్తి చేసిన పని దానికి వ్యతిరేకమైంది కాదు. దాటినవాడు తెప్పను విడిచిపెట్టవచ్చు, కానీ వెనక వచ్చేవాళ్ళ కోసం దాన్ని మునగనీయకుండా ఉంచేవాడు కూడా ఒకడు కావాలి.

4. గీత

ఆ తర్వాత చాలాకాలం ఇక్కడ మరమ్మతు ఆగింది. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి రాజధాని మార్చాడు. కొత్త ఊరికి రాయి కావలసివచ్చింది. దీపాలదిన్నె అని జనం పిలిచే దిబ్బ రాతిగనిగా మారింది. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికి తవ్వకం సాగుతోంది. 1816లో సర్వేయర్ జనరల్ హోదాలో తిరిగి వచ్చేనాటికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది.

మెకంజీ అప్పుడు చేయించిన పని మనం ఈ రోజు మాట్లాడుకుంటున్న విషయానికి కేంద్రం. జాన్ న్యూమన్, హెన్రీ హామిల్టన్ వంటి చిత్రలేఖకుల చేత మిగిలిన రాళ్ళను ఒక్కొక్కటిగా గీయించాడు. ఎనభైకి పైగా ఉన్న ఆ పత్రాల సంపుటం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. గీసినవాడి పేరు, తేదీ చాలా పత్రాల మీద కనిపిస్తాయి. స్తూపం ఆవరణ కొలతలతో నమూనా గీశారు. విరిగిన రాయిని విరిగినట్టే గీశారు. లేని తలను ఊహించి అతికించలేదు, పగులును అందంగా సర్దలేదు. మెకంజీ సేకరణకు వెన్నెముకగా నిలిచింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. గ్రామ చరిత్రలైన కైఫియ్యత్తులు మనకు మిగిలాయంటే అది వాళ్ళ శ్రమే.

ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. గీసినంత మాత్రాన రాళ్ళు ఆగలేదు. కొన్ని మచిలీపట్నం వెళ్ళాయి, అక్కడ కలెక్టరు రాబర్ట్‌సన్ వాటిని బజారు కూడలిలో అలంకారంగా నిలబెట్టించాడు. కొన్ని కలకత్తాకు వెళ్ళాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపినవి ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడున్నాయి, ఆ తర్వాత వాటిలో చాలాభాగం 1859లో లండన్‌కు ఓడలో వెళ్ళింది. 1877లో రాబర్ట్ స్యూయెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో దిబ్బనంతా తవ్వించారు, మరుసటి ఏడు జేమ్స్ బర్జెస్ వచ్చేనాటికి అక్కడ గొయ్యి మిగిలింది. మెకంజీ మనుషులు గీసిన రాళ్ళలో చాలావాటి జాడే లేదు. సున్నం బట్టీల్లోకి వెళ్ళినవి వెళ్ళాయి, గోడల్లోకి వెళ్ళినవి వెళ్ళాయి. వాటి ఉనికికి మిగిలిన ఏకైక ఆధారం ఆ కాగితం మీది గీత.

దీని నుంచి నేను గ్రహించినది ఇది. గీత మరమ్మతుకు బదులు కాదు, గీత మరమ్మతుకు మొదటి మెట్టు. పడవ బాగుచేసే మేస్త్రి పని మొదలుపెట్టే ముందు చుట్టూ తిరిగి, వేలితో తట్టి, ఎక్కడ ఏం పోయిందో మనసులో ఎక్కించుకుంటాడు. 1816లో చిత్రలేఖకులు చేసింది ఆ చుట్టూ తిరగడమే. దాని తర్వాత ఉలి పట్టుకోవాల్సిన ప్రభుత్వం, సమాజం ఆ పని చేయలేదు. లోపం గీతది కాదు. ఆ గీతలు ఉన్నందువల్లే చెన్నై, లండన్ మ్యూజియంలలో చెదిరిన ముక్కలు స్తూపంలో ఎక్కడ ఉండేవో పండితులు తర్వాత జతపరచగలిగారు. చెన్నైలోని శిల్పాల మీద 1942లో సి. శివరామమూర్తి వెలువరించిన గ్రంథం కూడా ఈ దారిలోదే. శిల్పాల్లోని నగలు, పాత్రలు, ఆయుధాలు, వాద్యాలు, కట్టు బొట్టు వరసలను ఆయన రేఖాచిత్రాలుగా విడదీసి చూపించారు. రాతిలో కలిసిపోయిన నిత్యజీవితం ఆ గీతల్లో తేటపడింది. ఇక సాహిత్యంలో శంకరమంచి సత్యం అమరావతి కథలకు బాపు వేసిన బొమ్మలు తెలుగువాళ్ళ మనసులో ఈ ఊరికి రూపం ఇచ్చాయి. ఆ పుస్తకానికి 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

5. ఇప్పుడు చేయవలసింది

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజి, 1967లో నాగార్జునసాగర్, ఆ పైన పులిచింతల వచ్చాయి. కృష్ణ నడక మారింది. రోడ్లు, వంతెనలు వచ్చాక సరుకు పడవల అవసరం తగ్గింది. ఇది నష్టమని ఏడవాల్సిన పని లేదు, పొలాలకు నీళ్ళు వచ్చాయి. కానీ ఈ మార్పులో ఒక విద్య చడీచప్పుడు లేకుండా జారిపోతోంది. చేపలకు వెళ్ళే నాటు పడవ, వెదురు అల్లిన పుట్టి, మనుషుల్నీ బండ్లనూ దాటించే బల్లకట్టు, వీటిని బాగుచేసే చేతులు తగ్గుతున్నాయి. ఫైబరు పడవ వచ్చింది, దాని మరమ్మతు వేరు. పలక వంపు కోసం ఏ కొమ్మ కోయాలో, నార ఎంత బిగువుగా కుక్కాలో, పుట్టి అడుగుకు తారు ఎన్ని పూతలు పడాలో తెలిసిన పెద్దలు మన మధ్యే ఉన్నారు. రేవు గుంజలు మార్చిన పూర్వుల పేర్లు మనకు దొరకలేదు. వీళ్ళ పేర్లు కూడా అలాగే పోనిస్తే ఆ తప్పు మనదే అవుతుంది.

అందుకే ఈ ధర్మనిధి నిర్వాహకుల ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ప్రతి ఏటా ఈ ఉపన్యాసంతో పాటు, చుట్టుపక్కల బడుల నుంచి పిల్లల్ని రేవుకు తీసుకెళ్ళండి. మరమ్మతులో ఉన్న పడవ, పుట్టి, బల్లకట్టు ఏది కనిపిస్తే అది పెన్సిలుతో గీయించండి. మెకంజీ పత్రాల పద్ధతి పాటించండి. ప్రతి కాగితం మీద తేదీ ఉండాలి, గీసిన పిల్లవాడి పేరు ఉండాలి. దానికి ఇంకో వరస చేర్చండి. బాగుచేస్తున్న మేస్త్రి అనుమతి తీసుకుని ఆయన పేరు, వాడిన కలప, మార్చిన భాగం, ఆ భాగాన్ని ఆయన పిలిచే మాట రాయించండి. విరిగింది విరిగినట్టే గీయమనండి. ఆ కాగితాలను ఊరి గ్రంథాలయంలో భద్రపరచండి, ఒక ప్రతి ఆ మేస్త్రి ఇంటికి ఇవ్వండి. ఖర్చు పెద్దగా లేదు, కావలసింది శ్రద్ధే.

ఇంకో కోరిక కూడా ఉంది. ధరణికోట దిబ్బల దగ్గర, ఇక్కడ ఒక రేవు ఉండేదని, దాన్ని కొయ్యతో కట్టి తర్వాత ఇటుకతో కట్టారని, అది ఇన్ని తరాలు పనిచేసిందని సాదా తెలుగులో చెప్పే పలక ఒకటి ఉండాలి. స్తూపం చూడడానికి దేశదేశాల నుంచి వస్తున్నారు. 2006లో దలైలామా ఇక్కడ కాలచక్ర నిర్వహించినప్పుడు వేలాదిమంది వచ్చారు. ఆ యాత్రికులు స్తూపాన్ని కట్టినవాళ్ళ గురించి వింటారు. స్తూపానికి జనాన్ని, సరుకును చేర్చిన రేవును నిలిపినవాళ్ళ గురించి కూడా వినాలి.

మాస్టారు పిల్లల్ని ఒడ్డుకెక్కిన పడవ దగ్గర ఎందుకు కూర్చోబెట్టేవారో ఇప్పుడు మనం చెప్పగలం. కొత్తదాన్ని చూసి మెచ్చుకోవడం ఎవరికైనా వస్తుంది. శిథిలాన్ని చూసి నిట్టూర్చడం కూడా వస్తుంది. దెబ్బతిన్నదాన్ని చూపు మరల్చుకోకుండా చూడడం, ఎక్కడ ఏం పోయిందో నిజాయితీగా గుర్తించడం, తర్వాత చేయి వేయడం నేర్పితేనే వస్తాయి. ధాన్యకటకం ఆ మూడూ చేసినన్నాళ్ళు నగరంగా ఉంది, మానేసినప్పుడు దిబ్బ అయింది. మళ్ళీ ఈ చుట్టుపక్కల పెద్ద నగరాల గురించి, రాజధానుల గురించి మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లో మన పిల్లలకు ముందుగా ఇవ్వవలసిన విద్య ఇదేనని నా నమ్మకం. కట్టేవాళ్ళను తయారుచేయడానికి కళాశాలలు చాలా ఉన్నాయి. బాగుచేసి నిలుపుకునేవాళ్ళను తయారుచేసే బాధ్యతను ఈ ధర్మనిధి తీసుకోవాలని కోరుతున్నాను.